వేళకు మందు, వేళకు పరీక్ష
మధుమేహము గలవారికి సెల్ ఫోను చేయగల సహాయము

వ్యవసాయములో వేళ తప్పిన పని ఫలింపదని మన రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. నారు ముదిరిన పిదప నాటినను, చేను పొట్ట మీద ఉన్నప్పుడు నీరు అందకపోయినను, దోమ ముసిరిన తరువాత మందు చల్లినను ఏమి జరుగునో ప్రతి రైతుకును అనుభవమే. మధుమేహము, అనగా మనము వాడుకలో షుగరు అను వ్యాధి కూడ ఇట్టిదే. దీనికి మందులు ఉన్నవి, పరీక్షలు ఉన్నవి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ముఖ్యమైన మాత్రలను ఉచితముగనే ఇచ్చుచున్నారు. అయినను ఈ వ్యాధి వలన కండ్లు, కాళ్లు, మూత్రపిండములు పాడైనవారు ప్రతి గ్రామములోను కనిపించుచున్నారు. మందు లేక పాడైనవారికంటె, మందు ఉండియు వేళకు వేసికొనక పాడైనవారు మన చుట్టుప్రక్కల తక్కువేమియు కాదు.

నేడు దాదాపు ప్రతి ఇంటను సెల్ ఫోను ఉన్నది. వాతావరణ సూచనలు దానికే వచ్చుచున్నవి. పొలములోని మోటారును ఇంటనుండి నడుపుటకు స్టార్టరులో సిమ్ము అమర్చిన రైతులును కలరు. మోటారును వేళకు నడుపు ఆ ఫోనునే, మనిషి మందును వేళకు గుర్తుచేయుటకు ఎట్లు వాడుకొనవచ్చునో, ఎంతవరకు దానిని నమ్మవచ్చునో, ఎక్కడ దానిని నమ్మరాదో ఈ వ్యాసములో తెలిసికొందము.

మన ప్రాంతములో వ్యాధి తీరు

షుగరు పట్నవాసుల జబ్బు అను అభిప్రాయము ఇంకను కొందరిలో ఉన్నది. ఇది సరికాదు. గోదావరి జిల్లాల గ్రామములలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య పథకము పేరున జరిగిన పరిశీలనల ఫలితములు 2006లో ప్రకటింపబడినవి. 20 గ్రామములలో 30 ఏండ్లు దాటినవారిని పరీక్షింపగా నూటికి 13 మందికి పైగా మధుమేహము ఉన్నట్లు తేలినది. మరి 15 మందికి రక్తములో చక్కెర ఉండవలసినదానికంటె ఎక్కువగా ఉండి, వ్యాధి రాగల స్థితిలో ఉన్నారు. ఆ పథకము క్రిందనే 45 గ్రామములలో మరణకారణములను విచారించినప్పుడు, నూటికి 32 మరణములు గుండెకును రక్తనాళములకును సంబంధించిన జబ్బుల వలన జరిగినట్లు కనబడినది. ఈ జబ్బులకు దారితీయు కారణములలో మధుమేహము, రక్తపుపోటు ముఖ్యమైనవి. ఈ లెక్కలు తీసి ఇరువది సంవత్సరములు కావచ్చినది. దేశమంతటికిని కలిపి 2023లో భారత వైద్య పరిశోధన మండలి పరిశీలన ప్రకటించిన అంచనా ప్రకారము మధుమేహము గలవారు 10 కోట్లకు పైగా ఉన్నారు.

డెల్టాలో కాలువలు వచ్చినది మొదలు మూడుపూటల వరి అన్నము మన అలవాటు. యంత్రములు వచ్చిన తరువాత దమ్ము, కోత, నూర్పిడి పనులలో ఒంటికి శ్రమ తగ్గినది; అన్నపు రాశి మాత్రము తగ్గలేదు. మోటారు సైకిలు మీద గట్టు వరకు పోయి, గట్టు మీద నిలిచి కూలీలకు పని చెప్పి వచ్చు రైతు తన తాత తిన్నంత అన్నమే తినుచున్నాడు.

మన ప్రాంతమునకు ప్రత్యేకముగా మరియొక ప్రమాదము కలదు. చేలలోను, కొల్లేటి లంకలలోను, చేపల చెరువుల మీదను పనిచేయువారు ఎక్కువ భాగము వట్టికాళ్లతో నీటిలోను బురదలోను ఉందురు. ఏండ్ల తరబడి చక్కెర అదుపులో లేనివారికి పాదములలో స్పర్శ తగ్గును. నత్తగుల్ల కోసినను, ముల్లు గుచ్చుకొన్నను, వల మేకు దిగినను నొప్పి తెలియదు. పుండు చీము పట్టి వాసన వచ్చిన తరువాత గాని చూచుకొనరు. అప్పటికి వ్రేలు తీసివేయవలసి రావచ్చును, కాలే తీసివేయవలసి రావచ్చును. కాలు పోయిన రైతు కుటుంబమునకు ఎంత నష్టమో లెక్క వేయనక్కరలేదు.

మరపు ఎందువలన వచ్చును?

కొల్లేటి ప్రాంతపు చేపల రైతు తెల్లవారుజామున లేచి చెరువు చూచుకొనును. ఆ వేళ నీటిలో ప్రాణవాయువు తగ్గునని, తగ్గినచో చేపలు పైకి తేలి నోళ్లు తెరచునని అతడెరుగును. అతనికి ఎవరును గుర్తు చేయనక్కరలేదు. చేపయే చెప్పును. షుగరు విషయములో దేహము ఇట్లు చెప్పదు. పరగడుపున 80 నుండి 130 మధ్య ఉండవలసిన చక్కెర 220 ఉన్నను, చాలమందికి ఆ పూట ఏ బాధయు తెలియదు. మాత్ర మానినను ఆ దినమున ఏమియు కాదు. బాధ లేనిచోట మనిషికి మరపు సహజము. దీనిని అశ్రద్ధ అని మందలించి ప్రయోజనము లేదు. మరపు వచ్చునని ముందే ఎంచి ఏర్పాటు చేసికొనవలెను.

మరపునకు తోడు మన పనుల తీరు కూడ కారణమగుచున్నది. నాట్లు, కోతలు, చేపల పట్టుబడి వచ్చినప్పుడు భోజనపు వేళలు మారును. రాత్రి చెరువు కాపలా ఉండువాని పగలు రాత్రియగును, రాత్రి పగలగును. తాడేపల్లిగూడెం మార్కెటుకు సరుకు తోలుకొని పోయిన దినమున మాత్రలు ఇంటిలోనే ఉండిపోవును. మాత్రలు అయిపోయిన సంగతి ఖాళీ అట్ట చేతికి వచ్చిన దినమున గాని తెలియదు. ఆ దినము ఆదివారము కావచ్చును. ఈ నాలుగు సందర్భములలోను ముందుగా ఒక మాట చెప్పువారుండిన చాలును. ఆ ముందుమాట చెప్పు పనిని ఫోనుకు అప్పగింపవచ్చును.

ఫోను సందేశముల వలన ఫలితము ఎంత?

క్రొత్త వంగడమును చిరుసంచులలో ఇచ్చి కొన్ని చేలలో వేయించి, ప్రక్కనే పాత వంగడమును కూడ వేసి పోల్చి చూచినట్లు, ఫోను సందేశములను కూడ వైద్యులు పోల్చి చూచినారు. అందులో మూడింటి సంగతి ఇచట చెప్పుట అవసరము.

మొదటిది చెన్నైకి చెందిన డాక్టరు ఎ. రామచంద్రన్ బృందము జరిపిన పరీక్ష. ఆగ్నేయ భారతములోని పరిశ్రమలలో పనిచేయుచు, వ్యాధి రాగల స్థితిలో ఉన్న 537 మంది పురుషులను రెండు జట్లుగా విడదీసిరి. రెండు జట్లకును ఆహారమును గూర్చియు వ్యాయామమును గూర్చియు మొదట సలహా చెప్పిరి. ఒక జట్టుకు మాత్రము రెండు సంవత్సరములపాటు ఫోనులో చిన్న చిన్న సందేశములు పంపిరి. ఆ సందేశములు అందరికిని ఒకటే కావు. ఎవరు ఏ మార్పునకు సిద్ధముగా ఉన్నారో, ఏ వేళలో చదువుదురో కనుగొని దానికి తగినట్లు పంపిరి. 2013లో ప్రకటించిన ఫలితము ప్రకారము సందేశములు అందని జట్టులో నూటికి 27 మందికి వ్యాధి రాగా, అందిన జట్టులో 18 మందికి మాత్రమే వచ్చినది. ఖర్చు తక్కువ, ఫలితము గణనీయము.

రెండవది మన పశ్చిమ గోదావరి గ్రామములలోనే జరిగినది. జార్జి సంస్థ నడిపిన ఈ పథకమునకు స్మార్ట్ హెల్త్ ఇండియా అని పేరు. ఇది ముఖ్యముగా గుండెజబ్బు, రక్తపుపోటు విషయమై జరిగినదైనను షుగరు గలవారికిని దీని పాఠము వర్తించును. 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల క్రింది 54 గ్రామములలో ఆశా కార్యకర్తలకు చేతిలో పట్టుకొను పలక కంప్యూటర్లను ఇచ్చిరి. వారు ఇల్లిల్లు తిరిగి 40 ఏండ్లు దాటినవారి రక్తపుపోటు, చక్కెర మున్నగునవి నమోదు చేసిరి. ప్రమాదములో ఉన్నవారెవరో, ఎవరి ఇంటికి మరల పోవలెనో ఆ పలకయే జాబితాగా చూపును. సుమారు 62 వేల మంది ఈ పథకము పరిధిలోనికి వచ్చిరి. మన ఆశా కార్యకర్తలు ఈ పనిని చక్కగా నేర్చుకొని, చక్కగా చేసిరి. కాని 2019లో ఫలితములు ప్రకటించినప్పుడు, ప్రమాదములో ఉన్నవారిలో రక్తపుపోటు అదుపునకు వచ్చినవారి సంఖ్య పథకము లేని కాలముతో పోల్చగా చెప్పుకోదగినంత పెరగలేదని తేలినది.

మూడవది హర్యానా, కర్ణాటక రాష్ట్రములలోని 40 సామాజిక ఆరోగ్య కేంద్రములలో షుగరు, రక్తపుపోటు గలవారిపై జరిగినది. అక్కడను వైద్యునకును నర్సుకును కంప్యూటరు సహాయమిచ్చిరి. దాని ఫలితమును 2019లోనే వెలువడినది. రెండు జట్లకును చెప్పుకోదగిన భేదము కనబడలేదు.

ఈ మూడింటి వలన మనము గ్రహింపవలసినదేమి? కాలువకు నీరు వదలుదురను దండోరా వలన చేను తడవదు. బోదె పూడి ఉన్నచో నీరు వచ్చినను చేనికి ఎక్కదు. ఫోను గంట దండోరా వంటిది. గంట మ్రోగిన వేళకు మాత్ర చేతికి అందుబాటులో ఉండవలెను. పరీక్షకు రమ్మని సందేశము వచ్చిన దినమున కేంద్రములో వైద్యుడును, పరీక్ష చేయువారును, మందును ఉండవలెను. సందేశము ఆ మనిషి పనికిని వేళకును తగినదై ఉండవలెను. ఈ మూడును కుదిరినచోట ఫోను మేలు చేయును. కుదరనిచోట గంట మ్రోగుచునే ఉండును, కొన్నాళ్లకు దానిని ఆపివేయుదురు.

కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ కూడ ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారముతో 2016లో మధుమేహముపై ఫోను సందేశములు పంపు పథకమును ప్రారంభించినది. ప్రభుత్వము పంపు సందేశములు ఎంత మంచివైనను అవి అందరికిని ఒకే విధముగా వచ్చును. మన ఇంటి వేళలకు సరిపడు గంటను మనమే పెట్టుకొనుట మేలు.

ఏయే పనులకు గంట పెట్టవలెను?

ప్రతి చిన్న పనికిని గంట పెట్టినచో ఏ గంటను లెక్కచేయరు. ఈ క్రింది పనులకు మాత్రము పెట్టుకొన్న చాలును.

ప్రతిదినము: మాత్ర లేక ఇన్సులిను వేళలు. రాత్రి పడుకొనబోవు ముందు పాదములు చూచుకొనుటకు ఒక గంట. పాదములను కడిగి, తడి తుడిచి, వ్రేళ్ల సందులలో వేలు పెట్టి చూచుకొనవలెను. అరికాలు కనబడనివారు అద్దము పెట్టి చూచుకొనవలెను, లేదా ఇంటివారిచేత చూపించుకొనవలెను. పొక్కు, చీలిక, రంగు మార్పు ఏది కనబడినను మరునాడే కేంద్రమునకు పోవలెను.

సాయంకాలము: నడకకు ఒక గంట. గట్టుమీద నిలుచుట నడక క్రింద రాదు. దినమునకు అరగంట చొప్పున వారములో అయిదు దినములు చెమట పట్టునట్లు నడవవలెను. చెప్పులు లేక నడువరాదు.

మాత్రలు అయిపోవుటకు వారము ముందు: తెచ్చుకొనుటకు ఒక గంట. మందు తెచ్చిన దినముననే, అది ఎన్ని దినములకు వచ్చునో లెక్కించి, వారము తగ్గించి ఆ తేదీకి గంట పెట్టవలెను. అన్నింటిలో ఇది ముఖ్యమైనది, అందరును మరచునదియు ఇదియే. ఇన్సులిను బుడ్డి తెరచిన తేదీని కూడ వ్రాసి, నాలుగు వారములకు గంట పెట్టవలెను. ఆ పిదప దాని శక్తి తగ్గును.

మూడు నెలలకు ఒకసారి: గడచిన మూడు నెలల సగటు చక్కెరను తెలుపు హెచ్.బి.ఎ.1.సి. అను రక్తపరీక్ష. ఇది చాలమందికి 7 లోపు ఉండుట మంచిది; వయసు మళ్లినవారికి ఎంత ఉండవలెనో వైద్యుడు చెప్పును. చక్కెర నిలకడగా అదుపులో ఉన్నవారికి ఆరు నెలలకు ఒకసారి చేయించిన చాలును. రక్తపుపోటు మాత్రము కేంద్రమునకు పోయిన ప్రతిసారియు చూపించుకొనవలెను.

సంవత్సరమునకు ఒకసారి: కంటి లోపలి పొర పరీక్ష, మూత్రపిండముల పరీక్ష, వైద్యునిచేత పాదముల స్పర్శ పరీక్ష. ఏటేటా వచ్చు ఒక పండుగకు గాని, దాళ్వా నాట్లు ముగిసిన వారమునకు గాని దీనిని ముడిపెట్టినచో తేలికగా గుర్తుండును.

ఆహారమునకు గంట పెట్టి ప్రయోజనము లేదు. అన్నము గిన్నెయే అక్కడ కొలత కావలెను. స్వర్ణ బియ్యము తినవచ్చునా అని రైతులు తరచు అడుగుచుందురు. మార్టేరు పరిశోధన స్థానములో రూపొందిన స్వర్ణ, అనగా ఎం.టి.యు. 7029, రక్తములో చక్కెరను నెమ్మదిగా పెంచు రకములలో ఒకటి అని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 2012లో వెల్లడించిన మాట నిజమే. అంతమాత్రమున రెండు గిన్నెలు ఎక్కువ తినవచ్చునని అర్థము కాదు. ఏ బియ్యమైనను రాశి తగ్గించి, పప్పు, ఆకుకూర, చేప పెంచవలెను.

గంట పెట్టు పద్ధతి

బొత్తాముల ఫోను కలవారు నిరాశపడనక్కరలేదు. అందులో అలారం అను సదుపాయము ఉండును. వేళ పెట్టి, ప్రతిదినమును మ్రోగునట్లు ఒకసారి అమర్చిన చాలును. పెద్ద తెర ఫోనులో ప్రతి గంటకును తెలుగులో పేరు వ్రాయవచ్చును. పేరు వ్రాయునప్పుడు మందు అని వ్రాయుటకంటె, ఉదయపు మాత్ర, టిఫిను తరువాత అని పని తెలియునట్లు వ్రాయుట మంచిది. చదువురానివారికి మనుమడో మనుమరాలో తమ గొంతుతో, తాతా, మాత్ర వేసికొన్నావా, అని పలికి రికార్డు చేసి దానినే గంటగా పెట్టవచ్చును. యంత్రపు మోతకంటె ఇంటిబిడ్డ గొంతుకు మనిషి త్వరగా కదులును.

గంటను గడియారపు అంకెకు కాక చేతిలోని పనికి జతపరచుట మరియొక మెలకువ. పాడి గలవారు పాలు పితికి చేతులు కడుగుకొను వేళకు పెట్టుకొనవచ్చును. చేపల చెరువు మీద ఉండువారు ఉదయము తవుడు నింపిన రంధ్రముల సంచులను కఱ్ఱలకు కట్టి, పడవ దిగి వచ్చి టిఫినుకు కూర్చుండు వేళకు పెట్టుకొనవచ్చును. పడవలో ఉన్నప్పుడు గంట మ్రోగినచో ఆపివేసి మరచుటయే జరుగును. మాత్రలను ఉండుచోటనే ఉంచవలెను. ఇంటి అరలో ఒక అట్ట, చెరువు పాకలో తడి తగులని డబ్బాలో ఒక అట్ట ఉండవలెను. ఇన్సులిను మాత్రము ఎండ తగులు పాకలోను, మోటారు సైకిలు పెట్టెలోను ఉంచరాదు. ఫ్రిజ్ లేనిచోట మూతగల చిన్న డబ్బాలో పెట్టి, నీటి కుండలో గాని తడి ఇసుకలో గాని చల్లగా ఉంచుకొనవచ్చును.

మాత్ర వేసికొన్న వెంటనే గోడ మీది క్యాలెండరులో ఒక గీత గీయవలెను. వేసికొన్నానా లేదా అను అనుమానముతో రెండవసారి వేసికొను ప్రమాదము దీనితో తప్పును. నెలాఖరున ఆ క్యాలెండరు ఆకు వైద్యునకు చూపినచో, మందు పనిచేయుట లేదా, మనిషియే వేసికొనుట లేదా అను సంగతి అతనికి ఒక్క చూపులో తెలియును. ఈ తేడా తెలియకయే మందు మోతాదు పెంచుట జరుగుచుండును.

ఫోను ఎవరి చేతిలో ఉన్నది?

ఇంటింటికి ఫోను ఉన్నదన్న మాట నిజమే గాని, అది ఎవరి చేతిలో ఉన్నదను విషయము గమనింపవలెను. తల్లికి షుగరు ఉండును; ఫోను కుమారుని జేబులో ఉండును. కేంద్రమువారు వ్రాసికొన్న అంకెకు సందేశము వచ్చును. అది ఏలూరులో కుమారుడు పనిలో ఉన్నప్పుడు వచ్చి, సాయంకాలమునకు మరపున పడును. కావున కేంద్రములో పేరు నమోదు చేయించునప్పుడు రోగికి దగ్గరగా ఇంటనుండువారి ఫోను అంకెనే ఇయ్యవలెను. వేరు ఫోను లేని పెద్దలకు గంట గడియారము పనిచేసినను తప్పులేదు. వేళ తెలియుట ముఖ్యము. ఊరు విడిచి దూరదేశములలో ఉన్న బిడ్డలు ప్రతిదినము మాట్లాడు వేళను తలిదండ్రుల మాత్ర వేళకు సరిపెట్టుకొన్నచో, అంతకంటె మంచి గంట వేరొకటి లేదు.

గంట మ్రోగినను ఆగవలసిన సందర్భములు

ఇది శ్రద్ధగా చదువవలసిన భాగము. గంట మ్రోగినది కదా అని అన్నము సిద్ధము కాకుండ భోజనమునకు ముందు వేసికొను ఇన్సులినును గాని, చక్కెరను వేగముగా దించు మాత్రను గాని వేసికొనరాదు. కోతల దినములలో భోజనము రెండు గంటలు ఆలస్యమగును. అప్పుడు చక్కెర ప్రమాదకరముగా పడిపోవును. చెమటలు పట్టుట, చేతులు వణకుట, గుండె దడ, కండ్లు తిరుగుట, మాట తడబడుట దీని గుర్తులు. వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెరను నీటిలో కలిపి త్రాగించవలెను. పావుగంటలో తేరుకొననిచో మరల ఇయ్యవలెను. స్పృహ తప్పినవారి నోటిలో ఏమియు పోయరాదు. 108కి ఫోను చేయవలెను. చేనికి పోవువారు జేబులో చక్కెర పొట్లమొకటి ఉంచుకొనుట మంచి అలవాటు.

కార్తీక సోమవారములు, రంజాను ఉపవాసములు పాటించువారు ముందుగానే వైద్యుని అడిగి మందు వేళలు మార్చుకొని, దానికి తగినట్లు గంటను కూడ మార్చుకొనవలెను. ఉపవాసమని ఇన్సులినును తమంత తాము పూర్తిగా మానుటయు ప్రమాదమే. ఒక పూట మాత్ర మరచినచో మరుపూట రెండు వేసికొనరాదు.

ఫోనులో వచ్చునవన్నియు మంచి సలహాలు కావు. ఈ కషాయము త్రాగినచో మాత్రలు మానవచ్చును, ఈ పొడి నలుబది దినములు వాడినచో షుగరు మూలమంట పోవును అను సందేశములు చేతులు మారుచుండును. వాటిని నమ్మి మందు మానినవారు నెలలలోనే ఆసుపత్రి పాలగుచున్నారు. మోతాదు మార్చునది వైద్యుడు, ఫోను కాదు. ఆరోగ్య శాఖవారమని చెప్పి బ్యాంకు వివరములు గాని, ఫోనుకు వచ్చిన రహస్య అంకెలు గాని అడుగువారికి ఏమియు చెప్పరాదు.

గ్రామములో చేయవలసిన ఏర్పాట్లు

పశ్చిమ గోదావరి పరీక్ష నేర్పిన పాఠము గ్రామ పెద్దలకును అధికారులకును ముఖ్యముగా వర్తించును. రోగికి గుర్తు చేయుట సగము పని. గుర్తు చేసిన దినమున ఏర్పాటు ఉండుట మిగిలిన సగము. 30 ఏండ్లు దాటిన ప్రతివారికిని చక్కెర, రక్తపుపోటు పరీక్ష చేయవలెనని జాతీయ కార్యక్రమములో ఉన్నది. పంచాయతీవారు తమ గ్రామములో ఇంకను ఎవరికి కాలేదో ఆశా కార్యకర్తతోను, ఎ.ఎన్.ఎం.తోను కలిసి చూడవలెను. నెలలో ఒక దినమును షుగరు దినముగా నిర్ణయించి, ముందునాడు ఊరి ఫోను బృందములలో సందేశమును, గుడి మైకులో ఒక మాటను, ఫోను లేనివారి ఇంటికి ఆశా కార్యకర్త పిలుపును ఏర్పాటు చేయవచ్చును. ఆ దినమునకు మాత్రలు చాలునా అని వారము ముందే కేంద్రమును అడిగి తెలిసికొనవలెను. నిలువ తగ్గినచో వైద్యాధికారికి వ్రాతపూర్వకముగా తెలుపుట గ్రామాధికారుల బాధ్యత.

ఒకరి వ్యాధి వివరములను ఊరి బృందములో పేరుతో పెట్టుట తగదు. రేపు షుగరు పరీక్ష దినము అని అందరికిని చెప్పవచ్చును; ఫలానావారికి చక్కెర ఎక్కువగా ఉన్నది, రమ్మనుడు, అని చెప్పరాదు. అది వారికి విడిగా చెప్పవలసిన మాట. పెండ్లి సంబంధములకు ఆటంకమగునను భయముతో పరీక్షకే రాని యువతీయువకులు మన గ్రామములలో ఉన్నారను సంగతి మరువరాదు.

రైతు సేవా కేంద్రమునకు వచ్చినవారికి గంట పెట్టు పద్ధతిని చూపించుట కూడ పెద్ద పని కాదు. ఎరువు కోసము వచ్చిన పెద్దల ఫోనులో రెండు నిమిషములలో మాత్ర గంట అమర్చి పంపవచ్చును. ఈ పనికి ఇంటర్ చదువు పిల్లలే చాలుదురు.

రైతు సోదరులారా, సోదరీమణులారా! ఈ నెలలో చేయవలసినవి మూడు. మీ ఇంటిలో 30 ఏండ్లు దాటినవారందరికి రక్తపరీక్ష చేయించుడు. షుగరు ఉన్నవారి ఫోనులో మాత్ర గంట, పాదముల గంట, మందు తెచ్చుకొను గంట ఈ సాయంకాలమే అమర్చుడు. గంట మ్రోగు చోటనే మందును ఉంచుడు. నీటి వంతు వచ్చిన రాత్రి నిద్ర మాని గట్టున నిలుచు రైతునకు దినమునకు రెండుసార్లు రెండు నిమిషములు తన దేహమునకు కేటాయించుట కష్టము కాదు.